స్పైరులినానా, డ్యునాలియెల్లానా, హేచరీ నాచా? డెల్టాలో నాచు పెంచాలనుకునేవాళ్ళకు కొన్ని లెక్కలు

వనామి రొయ్య కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) ధర పడిపోయిన ప్రతిసారీ భీమవరం నుంచి అమలాపురం దాకా ఒకటే మాట వినిపిస్తుంది: "ఈ రొయ్య గొడవ వదిలేసి ఆ నాచేదో పెంచుకుంటే సరిపోద్ది కదండీ?"

పెంచుకోవచ్చు. నీళ్ళ రంగు చూసి చెరువు ఆరోగ్యం చెప్పగలిగే రైతుకు సూక్ష్మ నాచు (విడిగా కంటికి ఆననంత చిన్న నాచు; స్పైరులినా, డ్యునాలియెల్లా అలాంటివే) కొత్తేమీ కాదు. "కలర్ వచ్చింది" అని సంబరపడేదీ, "కలర్ పడిపోయింది" అని బెంగపడేదీ దాన్ని చూసే. కాకపోతే అక్కడ నాచు రొయ్యకు తోడు, ఇక్కడ నాచే పంట. పైగా చాలాసార్లు అమ్మేది నాచును కూడా కాదు, అందులో ఉన్న ఒక పదార్థాన్ని: నీలి రంగునిచ్చే ఫైకోసయనిన్, నారింజ రంగు బీటా కెరోటిన్, ఎర్రటి ఆస్టాక్సంథిన్, ఒమేగా 3 నూనెలు. ఏ నాచు వెయ్యాలి, ఎంత ఎండ తగలనివ్వాలి, ఎలా ఆరబెట్టాలి, ఎలా తియ్యాలి అన్నవన్నీ ఆ పదార్థం ఏదో తేలాకే తేలతాయి. కాబట్టి వరస ఇదీ: ముందు కొనేవాడు అడిగే పదార్థం, తర్వాత మీ ఊరి నీళ్ళు, అన్నిటికన్నా చివర యంత్రాలు. ప్రాజెక్టులు అమ్మేవాళ్ళు మాత్రం ఎప్పుడూ యంత్రంతోనే మొదలుపెడతారు.

శాతం చూసి మోసపోవద్దు

ప్రచారంలో వినిపించేవన్నీ శాతాలే. స్పైరులినా ఎండు బరువులో 55 నుంచి 70 శాతం మాంసకృత్తులు, 10 నుంచి 20 శాతం ఫైకోసయనిన్. డ్యునాలియెల్లాలో బీటా కెరోటిన్ 10 శాతం దాకా. హెమటోకాకస్ అనే నాచులో ఆస్టాక్సంథిన్ 4 శాతం దాకా. అంకెలు అబద్ధం కావు. కాకపోతే చివరి రెండూ నాచును కావాలని ఇబ్బంది పెట్టినప్పుడు వచ్చేవి.

నత్రజని బాగా అందుతున్నంతకాలం నాచు కణం మాంసకృత్తులు తయారుచేసుకుంటూ, రెండై నాలుగై పెరుగుతూ పోతుంది. నత్రజని ఆపేసి ఎండలో పెడితే ఆ పెరుగుదల ఆగిపోతుంది. వెలుతురు మాత్రం వచ్చి పడుతూనే ఉంటుంది కాబట్టి, దాన్ని నూనెగా, పిండిపదార్థంగా, కెరోటినాయిడ్లుగా (బీటా కెరోటిన్, ఆస్టాక్సంథిన్ ఈ జాతి రంగులే) మార్చి దాచుకుంటుంది. కెరోటినాయిడ్ ఆ కణానికి గొడుగు లాంటిది. ఎండ ముదిరితేనే తెరుచుకుంటుంది. అందుకే డ్యునాలియెల్లా, హెమటోకాకస్ ఎర్రబారే రోజుల్లో కణాల సంఖ్య పెద్దగా పెరగదు.

ఫైకోసయనిన్ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. అది వెలుతురును పట్టి తెచ్చే ప్రొటీను. వెలుతురు తక్కువైతే కణం దాన్ని ఎక్కువ చేసుకుంటుంది. నత్రజని కరువైతే ముందు దాన్నే కరిగించి వాడేసుకుంటుంది. నీలాకుపచ్చగా ఉన్న స్పైరులినా ట్యాంకు పసుపు తిరిగిందంటే మీరు అమ్ముదామనుకున్న నీలి రంగు ఖర్చయిపోతోందని అర్థం. ఒకే ట్యాంకులో, ఒకే రోజుల్లో నీలి రంగూ నారింజ రంగూ రెండూ తీస్తామనేవాడి మాట నమ్మకండి.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకు, నీడ లేని ట్యాంకులో రోజుకు చదరపు మీటరుకు 8 గ్రాముల ఎండు స్పైరులినా, అందులో 12 శాతం ఫైకోసయనిన్ వచ్చిందనుకుందాం. 0.96 గ్రాము. పైన నీడవల కడితే ఫైకోసయనిన్ 15 శాతానికి పెరిగింది గానీ దిగుబడి 6 గ్రాములకు తగ్గింది అనుకుందాం. 0.9 గ్రాము. శాతం పెరిగింది, చేతికొచ్చింది తగ్గింది. అయినా రంగు తీసేవాడికి రెండోదే లాభం, ఎందుకంటే అంతే రంగు కోసం తక్కువ సరుకు కోసి, వడకట్టుకుంటే చాలు. పొడిగా అమ్మేవాడికి మొదటిదే లాభం. ఒకే నాచు, ఒకే ఊరు, రెండు జవాబులు.

రోహిణి కార్తెలో ఈ లెక్క మళ్ళీ మారిపోతుంది. రోళ్ళు పగిలే ఎండలో 20 సెంటీమీటర్ల లోతు నీళ్ళు 40 డిగ్రీలకు చేరతాయి. స్పైరులినాకు బాగా నప్పేది 35 నుంచి 37. అది దాటాక, మిట్టమధ్యాహ్నం వెలుతురు కూడా తోడైతే, నీడ లేని ట్యాంకులో ఆ 8 గ్రాములు రావు. ఏప్రిల్, మే నెలల్లో నీడవల ఎవరికైనా తప్పదు. చలికాలం పొద్దుటి పూట మాత్రం దాన్ని పక్కకు లాగెయ్యాలి.

నీళ్ళు

డెల్టాలో నీళ్ళ గురించి ఆలోచించమంటే నవ్వుతారు గానీ, ఈ పంట నిలిచేదీ పోయేదీ ఇక్కడే.

ధవళేశ్వరం నుంచి దిగే కాలువ నీళ్ళు పైభాగంలో మంచివే. శివారుకొచ్చేసరికి చేల మందులూ, చెరువుల మురుగూ అందులోనే కలుస్తాయి. పైగా దాళ్వా (రెండో పంట) వరి కోతలు అయ్యాక కాలువలు కట్టేస్తారు. ట్యాంకులో నీళ్ళు ఎక్కువగా ఆవిరయ్యేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. నిల్వ లేకుండా కాలువను నమ్ముకుని ఈ పని మొదలుపెట్టకూడదు.

నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది, కాట్రేనికోన వైపు బోరు వేస్తే పడేది ఉప్పు నీళ్ళే ఎక్కువ. ఉప్పు ఒక్కటే అయితే స్పైరులినా కొంతవరకు ఓర్చుకుంటుంది. అసలు చిక్కు ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంతో. పీహెచ్ 10 దగ్గరకు వచ్చేసరికి అవి కార్బొనేట్‌తోనూ ఫాస్ఫేట్‌తోనూ కలిసి తెల్లటి మడ్డిగా దిగిపోతాయి. డబ్బు పెట్టి వేసిన ఫాస్ఫేట్ నాచుకు అందదు. ఆ మడ్డి కోతలో గుడ్డ మీదికి వచ్చి పొడిలో బూడిద శాతం పెంచుతుంది. కొనేవాడి ల్యాబ్‌లో మొదట బయటపడేది అదే.

సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లాంటి వాటిని స్పైరులినా నీళ్ళలోంచి పీల్చి ఒంట్లో పెట్టుకుంటుంది. మనుషులు తినే సరుకు కాబట్టి వీటికి నీళ్ళ పరీక్ష ముందే చేయించాలి. నీళ్ళ రిపోర్టు రాకుండా తవ్వకం మొదలెట్టడం దండగ.

"ఖాళీగా ఉన్న రొయ్యల చెరువు వాడుకోవచ్చా?" అని అడుగుతారు. తినే స్పైరులినాకు వద్దు. కాపర్ సల్ఫేటూ, మందులూ, కుళ్ళిన మేతా ఏళ్ళ తరబడి దిగిన బురద అది. స్పైరులినా కోసం సోడా (సోడియం బైకార్బొనేట్) కలిపిన నీళ్ళు ఆ బురదలోకి ఇంకిపోతుంటే ఖర్చూ నిలవదు. చెరువు గట్టు మీదో, పక్క జాగాలోనో లైనరు (నీళ్ళు ఇంకకుండా పరిచే షీటు) వేసిన ట్యాంకు కట్టుకోండి. చెరువుల మీద పచ్చటి రంగు పోసినట్టు తేలే మైక్రోసిస్టిస్ పొర మీరు చూసే ఉంటారు. దానిలో మైక్రోసిస్టిన్ అనే కాలేయానికి చేటు చేసే విషం ఉంటుంది. స్పైరులినా ట్యాంకును ఎప్పుడూ పీహెచ్ 9.5 పైన ఉంచడం అలాంటివాటికి పెద్ద అడ్డు. అయినా సరుకుకు ఆ పరీక్ష చేయించాల్సిందే.

వాన సంగతి ఒక్క లెక్కతో తేలిపోతుంది. 20 సెంటీమీటర్ల లోతు ట్యాంకులో ఒక్క రాత్రి 100 మిల్లీమీటర్ల వాన పడితే నీళ్ళు 30 సెంటీమీటర్లవుతాయి. మీరు కలిపిన సోడా, ఉప్పు, నాచు అన్నీ మూడింట రెండు వంతులకు పలచబడతాయి, గట్టు తక్కువుంటే పొర్లి పోతాయి కూడా. 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరి చెట్లనే పడగొట్టింది. 2018 డిసెంబరులో పెథాయ్ కూడా ఈ తీరం మీదికే వచ్చింది. కాబట్టి పైకప్పు ఖర్చును మొదటి రోజు లెక్కలోనే రాసుకోండి. అలాగని గాలివానకు ఆగని పాలీహౌసుకు లక్షలు పోసే బదులు, తుపాను కబురు రాగానే విప్పి మడత పెట్టగలిగే షీటే నయం అంటాను.

పక్కన పెట్టేయాల్సినవి

ఆస్టాక్సంథిన్ పేరు వినగానే రొయ్యల రైతు చెవులు నిక్కబొడుచుకుంటాయి. రొయ్య ఉడకబెడితే ఎర్రబడేది దానివల్లే మరి. పచ్చి రొయ్యలో అది ఒక ప్రొటీనుకు అతుక్కుని ఉంటుంది, వేడికి ప్రొటీను చెడి రంగు బయటపడుతుంది. ఆ ఆస్టాక్సంథిన్‌ను బాగా పోగేసే నాచు హెమటోకాకస్. పచ్చగా పెరిగే దశలో దానికి 20 నుంచి 25 డిగ్రీల నీళ్ళు కావాలి, 30 దాటితే నీరసపడుతుంది. మన దగ్గర పచ్చ దశ సాగాలంటే ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళను చల్లబరచాలి. బూజు జాతి పరాన్నజీవులు సోకితే కొద్ది రోజుల్లో ట్యాంకు ఖాళీ. అన్నీ దాటి ఎర్రబడ్డాక, కణం చుట్టూ పెంకులాంటి గట్టి గోడ కడుతుంది. దాన్ని మిల్లులో పగలగొట్టి, తర్వాత ఎక్కువ ఒత్తిడి మీద కార్బన్ డయాక్సైడ్‌తో రంగు తియ్యాలి. కరెంటు బిల్లు చూసుకుంటే డెల్టాకు ఇది తగిన పంట కాదు.

క్లోరెల్లా పెరుగుతుంది గానీ కణం మరీ చిన్నది, గుడ్డకు చిక్కదు, సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి వేరుచేసే యంత్రం) కొనాలి. గోడ గట్టిది, పగలగొట్టందే అరగదు. నానోక్లోరోప్సిస్‌దీ ఇదే కథ. శాకాహార డీహెచ్ఏ (ఒక రకం ఒమేగా 3) నూనె అని సీసాల్లో అమ్మేది చాలావరకు షైజోకైట్రియం అనే జీవి నుంచి వస్తుంది. దాని జాతి జీవులు మడ అడవుల్లో రాలి కుళ్ళే ఆకుల మీద ఉంటాయి, మన కోరింగ లాంటి చోట్ల. కానీ దాన్ని పెంచేది ఎండలో కాదు, గ్లూకోజు పోసి స్టీలు ఫెర్మెంటర్లలో. అది రైతు పని కాదు, ఫ్యాక్టరీ పని.

మిగిలినవి మూడు.

డ్యునాలియెల్లా: ఉప్పు మడి ఉన్నవాళ్ళకే

కాగితం మీద చూస్తే డ్యునాలియెల్లా అంత సులువైనది లేదు. గట్టి గోడ అసలే లేదు. మంచినీళ్ళు తగిలితే చాలు కణం ఉబ్బి పగిలిపోతుంది. ఎండ ఎంత కాస్తే అంత మంచిది. ఆస్ట్రేలియాలో హట్ లగూన్ ఉప్పు సరస్సులో, ఇజ్రాయెల్‌లో ఐలాట్ దగ్గర దీన్ని ఏళ్ళుగా పెంచుతున్నారు.

ఆ రెండూ వాన దాదాపు పడని, లేదా మనకన్నా చాలా తక్కువ పడే చోట్లు. డ్యునాలియెల్లా గట్టిగా నిలబడేది సముద్రపు నీళ్ళకు ఐదారు రెట్లు ఉప్పు ఉన్నప్పుడు. అంత ఉప్పులో దాన్ని తినే జీవులు బతకలేవు, అదే దానికి రక్షణ. మన దగ్గర జూన్ నుంచి నవంబరు దాకా వానలు ఆ ఉప్పును పలచబరుస్తూనే ఉంటాయి. ఉప్పు తగ్గగానే ఫాబ్రియా అనే సూక్ష్మజీవి వచ్చి నాచును మేసేస్తుంది, ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్య కూడా. ఉప్పు మళ్ళు ఇప్పటికే నడుపుతున్నవాళ్ళు, అంటే నౌపడా, చినగంజాం లాంటి చోట్ల వాళ్ళు, జనవరి నుంచి మే దాకా దీన్ని రెండో పంటగా చూసుకోవచ్చు. లంక భూమిలో కూర్చుని ఉప్పు బస్తాలు కొని డ్యునాలియెల్లా పెంచడం మాత్రం నాకు అర్థంకాని ఆలోచన.

పెంచగలిగినవాళ్ళకు తీసే పద్ధతి విషయంలో ఒక వెసులుబాటు ఉంది. బీటా కెరోటిన్ నూనెలో కరుగుతుంది, కాబట్టి నాచు ముద్దను నేరుగా వంటనూనెలో కలిపి, వడకట్టి, రంగెక్కిన నూనెగానే అమ్మొచ్చు. హెక్సేన్ లాంటి సాల్వెంటు (రంగును కరిగించి లాగే ద్రవం) అక్కర్లేదు. అంబాజీపేట కొబ్బరి నూనె త్వరగా మక్కిపోదు గనక దీనికి బాగుంటుంది, చలికి గడ్డకడుతుందన్న ఒక్క ఇబ్బంది తప్ప. అయితే గాలి, వెలుతురు తగిలితే ఆ నారింజ రంగు వెలిసిపోతుంది. ముదురు రంగు సీసాలో, నిండా నింపి, మూత బిగించి ఉంచాలి.

హేచరీ నాచు: తియ్యడానికేమీ లేనిది

దీని గురించి ఎవరూ వీడియోలు చెయ్యరు. కాకినాడ, ఉప్పాడ తీరం వెంబడి రొయ్య హేచరీల్లో (రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచే చోట్లు) లార్వా జోయియా అనే దశకు రాగానే దానికి మొదటి మేత కీటోసెరస్, థలాసియోసైరా లాంటి డయాటమ్‌లు, అంటే సిలికా గోడ ఉన్న నాచులు. చాలా హేచరీలు సొంతంగానే పెంచుకుంటాయి, కానీ కల్చర్ పడిపోయిన రోజు నాచు కోసం ఫోన్లు తిరుగుతాయి.

ఇక్కడ పదార్థం ఈపీఏ అనే ఒమేగా 3. దాన్ని బయటికి తియ్యక్కర్లేదు, రొయ్య పిల్లే తింటుంది. కాబట్టి మీ పనంతా పెంచే పద్ధతిలోనే. కల్చర్ చురుగ్గా పెరుగుతున్న దశలోనే కొయ్యండి. ముదరనిస్తే, ముఖ్యంగా సిలికేటూ నత్రజనీ అయిపోయాక, మొత్తం కొవ్వు పెరుగుతుంది గానీ అందులో ఒమేగా 3 వాటా తగ్గుతుంది. చూడ్డానికి ముదురు గోధుమ రంగులో చిక్కగా ఉంటుంది, మేతగా నాసిరకం. మీడియం (నాచుకు పోషకాలు కలిపిన నీళ్ళు) ఎఫ్/2 అనేది, సిలికేటు వెయ్యడం మరిచిపోకూడదు, డయాటమ్ తన గోడ దానితోనే కట్టుకుంటుంది. వడకట్టి ముద్ద చేస్తే చల్లటి చోట కొద్ది రోజులే నిలుస్తుంది. అంచేత హేచరీకి గంటా రెండు గంటల దూరంలో ఉన్నవాళ్ళకే ఈ పని. రొయ్య ల్యాబుల్లో పనిచేసిన కుర్రాళ్ళకు మాత్రం మూడింటిలో ఇదే తొందరగా చేతికందుతుంది. విబ్రియో (రొయ్యకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) పరీక్ష చేయించని నాచు ఏ హేచరీ గుమ్మం ఎక్కదు, అది గుర్తుంచుకోండి.

స్పైరులినా: చాలామందికి ఇదే

నా ఓటు దీనికి. కారణం ఫైకోసయనిన్ కాదు, గుడ్డ. స్పైరులినా పోగులు పోగులుగా, సన్నటి స్ప్రింగులా చుట్టుకుని పెరుగుతుంది. హేచరీల్లో వాడే బోల్టింగ్ క్లాత్, 30 నుంచి 50 మైక్రాన్లది, దానికి సరిపోతుంది. సెంట్రిఫ్యూజ్ లేకుండా, గుడ్డతో ఇంత సులువుగా కోసుకోగలిగేది ఈ మూడింటిలో ఇదే.

పేరున్న మీడియం జారూక్‌ది. లీటరుకు 16.8 గ్రాముల సోడియం బైకార్బొనేట్, 2.5 గ్రాముల సోడియం నైట్రేట్ అందులో ముఖ్యమైనవి. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు ట్యాంకు అంటే 10 వేల లీటర్లు. సోడాయే 168 కిలోలు, నైట్రేట్ 25 కిలోలు. ఆ ట్యాంకు జాగా సెంటుకు కాస్త ఎక్కువ. రోజుకు చదరపు మీటరుకు 8 గ్రాముల చొప్పున వచ్చేది 400 గ్రాముల పొడి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే మీడియం పారబోయడం ఎంత నష్టమో తెలుస్తుంది. వడకట్టిన నీళ్ళు తిరిగి ట్యాంకులోకే పోవాలి. చాలా చిన్న ఫారాల్లో సోడాను లీటరుకు 8 గ్రాములకు తగ్గించి, ఉప్పు కలిపి నడుపుతారు. అదీ నడుస్తుంది, కాకపోతే పీహెచ్ మీద ఎక్కువ కన్నెయ్యాలి, 10.5 దాటి పైకి పోతుంటే నాచుకు కార్బన్ అందడం లేదని.

నత్రజని చవగ్గా ఇద్దామని యూరియా వేస్తారు. వెయ్యొచ్చు, చిటికెడు చిటికెడు, రోజూ. కానీ పీహెచ్ 9.25 దగ్గరే అమ్మోనియంలో సగం విషపు అమ్మోనియాగా మారిపోతుంది, మీ ట్యాంకు అంతకన్నా పైనే ఉంటుంది. అమ్మోనియా ఏం చేస్తుందో రొయ్య రైతుకు నేను చెప్పనక్కర్లేదు. ఫైకోసయనిన్ అడిగే కొనుగోలుదారు ఉంటే నైట్రేటే వాడండి.

ట్యాంకును కదపడానికి రొయ్యల ఏరేటరు పెట్టకండి. దాని దెబ్బకు పోగులు తెగి ముక్కలై గుడ్డలోంచి జారిపోతాయి. వేగంగా తిరిగే సెంట్రిఫ్యూగల్ పంపుదీ అదే పని. సెకనుకు 20, 30 సెంటీమీటర్ల వేగంతో నీళ్ళు నడిపే పెద్ద రెక్కల చక్రం చాలు. సెచ్చి డిస్కు (నీళ్ళ చిక్కదనం చూడ్డానికి దించే పళ్ళెం) 2, 3 సెంటీమీటర్లలోనే మాయమైతే కోతకు వచ్చినట్టు. తెల్లవారుజామున కొయ్యండి. రాత్రంతా పిండిపదార్థం ఖర్చయి ఉంటుంది గనక మాంసకృత్తుల శాతం ఎక్కువ ఉంటుంది, ఆరబెట్టడానికి పగలంతా మిగులుతుంది.

ఆరబెట్టడంలోనే పోయేది ఎక్కువ

పెంపకంలో నీడవల, నైట్రేట్ అంటూ తంటాలు పడి సంపాదించిన రంగును ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టుకోవచ్చు. ఫైకోసయనిన్ 45 డిగ్రీలు దాటితే చెడడం మొదలవుతుంది, వెలుతురుకూ ఓర్చదు. పైన లెక్కలో వచ్చిన 0.96 గ్రాములో సగం ఎండలో పోయిందనుకోండి, నీడవల ఉందా లేదా అన్న చర్చకే అర్థం ఉండదు.

గుడ్డ మీద తీసిన ముద్దను బరువు పెట్టి నీరు పిండాక, మన చిన్న ఫారాల్లో జంతికల గొట్టంలో పెట్టి జాలీ ట్రేల మీద సన్నగా ఒత్తుతారు. నాకు తెలిసి ఇంతకన్నా తెలివైన, చవకైన పరికరం లేదు. పోగు ఎంత సన్నగా ఉంటే నీరు అంత తొందరగా పోతుంది. ఆ తర్వాత మూడు దారులు. నేరుగా ఎండలో పెడితే ఖర్చు లేదు, రంగు పోతుంది, దుమ్మూ ఈగలూ వాలతాయి. నల్ల షీటు కప్పిన సోలార్ డ్రయ్యరు, లోపల ఫ్యాను, వేడి అదుపులో: పొడిగా అమ్మేవాళ్ళకు ఇదే సరైనది. ఫ్రీజ్ డ్రయ్యరు రంగును బాగా కాపాడుతుంది, కానీ రోజుకు 400 గ్రాములకు అది కొనడం తెలివి తక్కువ పని. స్ప్రే డ్రయ్యరు పెద్ద ఫ్యాక్టరీలది.

కోనసీమలో చిక్కు వేడి కన్నా తేమ. సముద్రపు గాలి తడిగా ఉన్న రోజుల్లో పోగు పైన ఎండినట్టుండి లోపల పచ్చిగా ఉంటుంది, సాయంత్రానికి పులిసిన వాసన కొడుతుంది. ముట్టుకుంటే వంగకుండా టక్కున విరగాలి. తేమ 8 శాతం లోపు ఉందని అర్థం. శ్రావణ భాద్రపదాల్లో కరెంటు డ్రయ్యరు లేకపోతే కోత ఆపేయడమే మంచిది.

మీ పొడిలో రంగు మిగిలిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక గ్రాము పొడి 100 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళలో కలిపి, ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే ఫిల్టరు కాగితంలో వడకట్టండి. గాజు గ్లాసులో చక్కటి నీలం దిగి, చీకట్లో పక్కనుంచి టార్చి వేస్తే ఎర్రటి మెరుపు కనిపిస్తే సరుకు బాగుంది. మురికి ఆకుపచ్చగానో, గోధుమ రంగుగానో వచ్చిందంటే డ్రయ్యరు వేడెక్కింది.

తియ్యడం: నీళ్ళా, నూనా, గ్యాసా

పద్ధతి ఎంచుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: మీ పదార్థం దేనిలో కరుగుతుంది? ఫైకోసయనిన్ నీళ్ళలో. కెరోటినాయిడ్లు, ఒమేగా 3 నూనెలో, సాల్వెంట్లలో. ఈ ఒక్క సంగతి తెలియక స్పైరులినా ఫారానికి కార్బన్ డయాక్సైడ్ యంత్రం కోట్ చేయించుకున్నవాళ్ళున్నారు. ఆ గ్యాసు 31 డిగ్రీలు, 74 బార్ దాటాక ద్రవంలా, గ్యాసులా రెండు రకాలుగానూ నడుచుకుంటుంది. నిజంగా తియ్యడానికి వందల బార్ ఒత్తిడి పెడతారు. దానిలో నూనెలు, కెరోటిన్లు చక్కగా వస్తాయి. ఫైకోసయనిన్ ఒక్క చుక్క రాదు.

సాల్వెంట్లలో చవకైనది హెక్సేన్, తవుడు నూనె ప్లాంట్లలో వాడేదే. మంట అంటుకునే సరుకు, లైసెన్సులు కావాలి, చివర్లో సరుకులో ఎంత మిగిలిందో లెక్క చూపాలి. ఇథనాల్ తిండి సరుకుకు మేలు, కానీ ఎక్సైజ్ అనుమతి లేకుండా డ్రమ్ము కూడా దించలేరు. ఫారం స్థాయిలో కెరోటిన్‌కు వంటనూనే సరి.

ఫైకోసయనిన్ దగ్గర మాత్రం డెల్టాకు ఒక సొంత బలం ఉంది, ఎవరూ దాని వైపు చూడటం లేదు: చలి. రొయ్యల పుణ్యమా అని ఐస్ ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలు ఊరూరా ఉన్నాయి. స్పైరులినాకు క్లోరెల్లాలాంటి సెల్యులోజ్ గోడ లేదు. తడి ముద్దను మైనస్ 20 దగ్గర గడ్డకట్టించి, ఫ్రిజ్ చల్లదనంలో కరిగిస్తే, రెండు మూడు సార్లలో మంచు స్ఫటికాలే కణాన్ని చీల్చేస్తాయి. ఆరబెట్టే బాధే ఉండదు. ఇక్కడొక మెలిక: ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఉండే బ్లాస్ట్ ఫ్రీజరు రొయ్యకు మంచిది, దీనికి కాదు. అంత వేగంగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నగా ఏర్పడతాయి, చీల్చే పని సరిగా జరగదు. నిదానంగా గడ్డకట్టించే మామూలు డీప్ ఫ్రీజరే కావాలి.

అల్ట్రాసౌండ్ దీనికన్నా చాలా వేగం, నిమిషాల్లో పని. కానీ అది వేడి పుట్టిస్తుంది, ఐసులో పెట్టి ఆపి ఆపి కొట్టాలి. ఎక్కువ కొడితే కణం పిండి పిండై పత్రహరితం, ఇతర ప్రొటీన్లు కూడా కలిసి నీలం కాస్తా పచ్చబారుతుంది. ఫ్రీజింగుకు రోజులు పడతాయి, రంగు మాత్రం శుభ్రంగా దిగుతుంది. రోజుకు కిలోల్లో పని ఉన్నవాడికి ఫ్రీజింగు, క్వింటాళ్ళలో ఉన్నవాడికి యంత్రాలు.

ఆ శుభ్రతకు అంకె ఉంది. 620 నానోమీటర్ల దగ్గర పీల్చే వెలుతురును (అది ఫైకోసయనిన్ లెక్క), 280 దగ్గర పీల్చేదానితో (అది మొత్తం ప్రొటీన్ల లెక్క) భాగిస్తే 0.7 వస్తే తిండి రంగుకు పనికొస్తుంది, 3.9 ల్యాబ్ రియేజెంటు, 4 దాటితే పరిశోధన స్థాయి. ధర ఒక్కో మెట్టుకు పైకి పోతుంది, పనీ అంతే. 0.7 దాకా ఫారంలో చేరొచ్చు. ఆ పైన అమ్మోనియం సల్ఫేట్‌తో విరగ్గొట్టి, లవణం పోగొట్టి, క్రొమటోగ్రఫీ చెయ్యాలి. అన్నట్టు ఆ అమ్మోనియం సల్ఫేట్ ఎరువుల కొట్లోది కాదు. తిండి సరుకుకు దాని జోలికి పోవద్దు. తీసిన నీలి ద్రవం పీహెచ్ 5.5, 6 మధ్య, చల్లగా, చీకట్లో ఉంటేనే నిలుస్తుంది. అమెరికాలో 2013లోనే మిఠాయిలకూ చూయింగ్ గమ్‌కూ స్పైరులినా నీలాన్ని అనుమతించారు, అప్పటినుంచి అడిగేవాళ్ళు పెరిగారు. సహజమైన నీలం దొరకడం అంత అరుదు.

మరి మీరేం చెయ్యాలి

కాలువ ఎగువన మంచినీళ్ళుండి, చేతిలో నాలుగైదు సెంట్ల జాగా ఉంటే స్పైరులినా, సోలార్ డ్రయ్యరు, పొడి అమ్మకం. రంగు తియ్యడం గురించి మొదటి ఏడాది ఆలోచించొద్దు. ఇప్పటికే ఐస్ ప్లాంటో, కోల్డ్ స్టోరేజో నడుపుతున్నవాళ్ళు మాత్రం పొడిని దాటేసి తడి ముద్ద నుంచే ఫైకోసయనిన్ తీసే ఆలోచన చెయ్యొచ్చు. నాచు పక్క రైతుల దగ్గర కొన్నా సరే, పొద్దున్న కోసింది మధ్యాహ్నంలోపు ఫ్రీజరు చేరాలి. తీరం అంచున ఉప్పు బోరుతో, హేచరీ దగ్గర్లో ఉన్నవాళ్ళకు డయాటమ్‌లే దారి. ఉప్పు బోరు ఉంది, హేచరీ దూరం అంటే నా మాట: ఆ నీళ్ళలో రొయ్యే నయం.

మొదటి ట్యాంకు నుంచి ఒక కిలో పొడి రాగానే తేమ, బూడిద, మాంసకృత్తులు, ఫైకోసయనిన్, సీసం, కాడ్మియం, మైక్రోసిస్టిన్‌లకు గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు అర్జీ కూడా అప్పుడే పెట్టండి. ఆ రిపోర్టు చూసి కొనేవాడు నోటితో కాక కాగితం మీద ధర రాసిచ్చేదాకా రెండో ట్యాంకుకు లైనరు కొనకండి.